చిటికెన వేలు పరీక్ష

మంత్రిగారి చెయ్యి ఇరుక్కోలేదు. మర్నాడు పత్రికలన్నీ ఇరుక్కుందనే రాశాయి గనక ఈ సంగతి మొదటే చెప్పుకోవాలి.

జరిగింది ఇంతే. పరిశ్రమల ప్రదర్శనలో గ్రామీణ పవన విద్యుత్ ప్రోత్సాహక మండలి వారి స్టాలుంది. అక్కడ బల్ల మీద బిగించిన చిన్న జనరేటరును ఒక్క చుట్టు తిప్పి ప్రారంభోత్సవం చేయమని మంత్రిగారిని ఆహ్వానించారు. ఆయన నవ్వుతూ పిడి పట్టుకున్నారు. అది కాస్త కదిలి ఆగింది. ఇంకాస్త తోశారు. టక్కుమని జరిగి మళ్లీ ఆగింది. అలా పదిహేను టక్కులయ్యేసరికి ఆయన నవ్వు పూర్తిగా పోయింది. చివరికి రెండు చేతులూ వేసి, దవడ బిగించి తోస్తున్నప్పుడు కెమెరాలన్నీ ఒక్కసారిగా మెరిశాయి.

"ఏంటయ్యా ఇది? లోపల్నుంచి ఎవరో పట్టుకున్నట్టుంది!"

పక్కనే ఉన్న మండలి మేనేజింగ్ డైరెక్టర్ వెంపటాపు విశ్వంభరం చేతులు కట్టుకుని వంగారు. స్టాలు గోడ మీది చార్టులో ఒక మాట ఆయన కంట పడింది. "అయస్కాంత నిరోధం సార్."

"మన ప్రభుత్వంలో నిరోధమా?"

"లేకుండా చేస్తాం సార్."

మంత్రిగారు ఆ మాట అక్కడే మరిచిపోయి పక్క స్టాలులో జీడిపప్పు రుచి చూశారు. విశ్వంభరం మాత్రం మరిచిపోలేదు. మూడో రోజున సర్క్యులర్ వచ్చింది.

"పై విషయమును పురస్కరించుకొని తెలియజేయునదేమనగా, ప్రస్తుత సంవత్సరమును నిరోధ నిర్మూలన సంవత్సరముగా పాటించుటకు నిర్ణయించడమైనది. ఇకమీదట మండలి ఆమోదించు ప్రతి జనరేటరును చిటికెన వేలితో తిప్పి చూడవలెను. వేలికి ఏ మాత్రము శ్రమ కలిగినను సదరు యంత్రమును తిరస్కరించవలెను."

ఆ కాగితం పరీక్షా విభాగంలో అసిస్టెంట్ ఇంజినీరు పొట్నూరు వేదవతి బల్ల మీదికి వచ్చినప్పుడు ఆమె ముందు ఒక జనరేటరు ఉంది. ఏడాదిన్నరగా ఆమె చేస్తున్న పని అది. మెట్టగుడ అనే కొండ ఊళ్లో ఆరోగ్య ఉపకేంద్రం ఉంది. అందులో ఆరోగ్య శాఖ వారిచ్చిన టీకాల ఫ్రిజ్ ఉంది. కరెంటు స్తంభాలు మాత్రం కొండ కిందనే ఆగిపోయాయి. పైన గాలికి లోటు లేదు. ఆ గాలితో నాలుగు బ్యాటరీలు నింపి ఫ్రిజ్ నడపాలని ఆమె ప్రయత్నం.

ప్రదర్శనలో మంత్రిగారి పరువు తీసిన నమూనా మీద వేదవతికేమీ గౌరవం లేదు. అది గట్టి ఇనుప దిమ్మతో చేసిన బొమ్మ. చుట్టూ తిరిగే అయస్కాంతాలకు లోపలి ఇనుప పళ్లంటే మహా ప్రీతి. ఒక్కో పన్ను దగ్గరా ఆగిపోతాయి, వదలమంటే వదలవు. అదీగాక గట్టి ఇనుములో ఊరికే సుడులు తిరిగే కరెంటు పుట్టి, దిమ్మ వేడెక్కి, చక్రాన్ని వెనక్కి లాగుతుంది. ఈ రెండు జబ్బులకూ మందు ఎప్పటినుంచో తెలిసిందే. దిమ్మ బదులు సిలికాన్ ఉక్కు రేకుల్ని వార్నిష్ పూసి దొంతరగా పేర్చాలి. పళ్లను నిటారుగా కాకుండా కాస్త ఏటవాలుగా మలచాలి. అప్పుడు అయస్కాంతం ఒక పన్నును పూర్తిగా వదలకముందే పక్కదాన్ని అందుకుంటుంది. పట్టు చాలామటుకు పోతుంది.

ఆ రేకుల్ని ఒక్కొక్కటీ కొలిచి పేర్చినవాడు మరడాన ఎర్రయ్య. ముప్పై ఏళ్లుగా మోటార్లకు తీగ చుడుతున్న మనిషి. ఎక్కడ ఏ మోటారు మూలిగినా చెవి పెట్టి రోగం చెప్పగలడు.

"సేతికి ఎన్నపూసలా తిరుగుతున్నాదమ్మా," అన్నాడు ఎర్రయ్య, పిడి ఒకసారి తిప్పి చూసి. "మెల్లగాలికి కూడా లేస్తాది. నాది పూచీ."

"చిటికెన వేలితో తిప్పాలట ఎర్రయ్యగారూ."

"ఎవులి సిటికినేలు?"

ప్రశ్న చిన్నదే. దానికి జవాబు చెప్పడానికి మండలికి ఆరు వారాలు పట్టింది. వేళ్లలో తేడాలుంటాయి. డ్రైవర్ల వేళ్లు మొరటు. ఇంజినీర్ల వేళ్లు పక్షపాతం చూపవచ్చు. అందరి వేళ్లూ పరిశీలించి, చివరికి ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ సూపరింటెండెంట్ చింతాడ శేషగిరి ఎడమ చేతి చిటికెన వేలిని ఇందుకోసం వేసిన పరీక్షా కమిటీ ఏకగ్రీవంగా ఎంపిక చేసింది. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆ వేలు ఏ పనీ చేసిన దాఖలాలు లేవు. అంత నిష్పాక్షికమైన వేలు మరొకటి దొరకలేదు.

ఆనాటి నుంచి శేషగిరి జీవితం మారిపోయింది. ఫైళ్లు మోయకూడదన్నారు. టీ గ్లాసు వేడి తగలకూడదని అటెండరు సాసరులో పోసి ఇచ్చేవాడు. ప్రామాణిక వేలు ప్రధాన కార్యాలయం పరిధి దాటి వెళ్లరాదన్న నిబంధన వల్ల సొంత మేనకోడలి పెళ్లికి కూడా వెళ్లలేకపోయాడు. మొదట్లో కొంత ఇబ్బంది పడ్డాడు గానీ, నెల తిరిగేసరికి వేలిని గురించి ఇంట్లో పెద్దవాళ్ల గురించి మాట్లాడినట్టు మాట్లాడటం మొదలెట్టాడు.

"ఇవాళ వేలు సుముఖంగా లేదండీ," అనేవాడు. ఆ రోజు పరీక్షలుండేవి కావు.

వేలు సుముఖంగా ఉన్న ఒక గురువారం వేదవతి యంత్రం కమిటీ ముందుకు వచ్చింది. శేషగిరి వేలికున్న ఉన్ని తొడుగు తీశాడు. కళ్లు మూసుకుని వేలు పిడి మీద ఆనించాడు. యంత్రం మెత్తగా, సాఫీగా ఒక చుట్టు తిరిగింది. ఎర్రయ్య ముఖం వెలిగింది.

"తిరిగింది," అన్నాడు శేషగిరి. "కానీ..."

"కానీ?" అన్నారు విశ్వంభరం.

"మధ్యలో ఒకచోట వేలికి చిన్న సందేహం కలిగిందండీ."

"ఎంత సందేహం?" అని అడిగింది వేదవతి. "త్రాసు కట్టి కొలిచాను సార్. మండలి పాత ప్రమాణంలో పదో వంతు కూడా లేదు. మెట్టగుడలో వీచే గాలికి అదొక లెక్కే కాదు."

విశ్వంభరం ఆమె వైపు జాలిగా చూశారు. "చూడండి వేదవతిగారూ. మీరు త్రాసును నమ్ముతారా, ప్రామాణిక వేలును నమ్ముతారా? త్రాసుకు సర్వీసు రిజిస్టరు లేదు కదా."

ఫైలు మీద రాశారు: "వేలికి సందేహము కలిగినందున, సదరు యంత్రమునకు నిరోధ లక్షణము గలదని ధ్రువీకరించి తిరస్కరించడమైనది." ఎర్రయ్య యంత్రాన్ని మోసుకెళ్లి పనికిరాని సామాను గదిలో పెట్టాడు. దుమ్ము పడకుండా పైన తన తువ్వాలు కప్పి వచ్చాడు.

ఆ పైవారం ఇనుము మీద విచారణ జరిగింది. ఇలాంటి పట్టుకు కారణం అయస్కాంతానికీ ఇనుముకూ ఉన్న అనుబంధమేనని వేదవతి గతంలో రాసిన నోట్‌లోనే ఉంది. కమిటీ ఆ ఒక్క వాక్యం కింద ఎర్ర గీత గీసి, ఇనుమును నిషేధించింది.

"ఇనుము లేకుండా కూడా జనరేటరు చెయ్యొచ్చు సార్," అంది వేదవతి. ఆమెకు ఇంకా ఆశ ఉంది. "తీగ చుట్టల్ని చెక్కలోనో, రెసిన్‌లోనో పొదిగితే ఆ పట్టు అసలే ఉండదు. అయితే అయస్కాంత బలం ఇనుములో నడిచినంత సులువుగా చెక్కలో నడవదు. ఆ లోటు పూడ్చాలంటే అయస్కాంతాలు పెద్దవి కావాలి, రాగి ఎక్కువ కావాలి, డ్రాయింగులన్నీ మళ్లీ గీయాలి. నాకు మూడు నెలలివ్వండి."

"డ్రాయింగులు ఆమోదం పొందినవి," అన్నారు విశ్వంభరం. "ఆమోదం పొందినవాటిని మార్చే అధికారం ఎవరికీ లేదు. ఇనుము అని ఉన్నచోట కొట్టేసి చెక్క అని రాయండి. చాలు."

ఏ చెక్క అన్నదానిపై నాలుగు సమావేశాలు జరిగాయి. టేకు హుందాగా ఉంటుందని ఒకరు, వేప ఆరోగ్యకరమని మరొకరు వాదించారు. చివరికి లక్క బొమ్మలు చేసే అంకుడు కర్ర నెగ్గింది. చేతివృత్తుల్ని ప్రోత్సహించినట్టూ ఉంటుందన్నారు. బొమ్మల కళాకారులు ఎర్ర లక్క, పచ్చ లక్క పూసి యంత్రం లోపలి దిమ్మను ఎంతో అందంగా చేసి ఇచ్చారు. దాన్ని చేతిలోకి తీసుకుని ఎర్రయ్య చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఉయ్యాల తొట్టికి కట్టుకోడానికి బాగుంటాదమ్మా," అన్నాడు.

అంకుడు యంత్రం పరీక్షలో శేషగిరి వేలికి ఏ సందేహమూ కలగలేదు. కమిటీ బల్లలు చరిచింది. అప్పుడు ఎవరో ఉత్సాహవంతుడైన అకౌంట్స్ అధికారి, "దీనికో బల్బు పెట్టి చూద్దామండీ," అన్నాడు. పెట్టారు. పిడి తిప్పితే బల్బులో ఎర్రని పురుగులాంటి వెలుగు కనీకనిపించకుండా కదిలింది. ఆ మాత్రానికే శేషగిరి చేయి వెనక్కి తీసుకున్నాడు.

"బరువెక్కిందండీ."

 బల్బు తీసేసి తిప్పారు. తేలిక. మళ్లీ పెట్టారు. బరువు. మూడుసార్లు అలాగే జరిగింది.

"అయితే దోషం బల్బుదన్నమాట," అన్నారు విశ్వంభరం.

ఇక వేదవతి ఉండబట్టలేకపోయింది. లేచి నిలబడింది. "దోషం ఎవరిదీ కాదు సార్. ఇనుము వల్ల వచ్చే పట్టు వేరు, ఇది వేరు. అది వృథా. ఇది పని. మన వేలు తోసే తోపే లోపల కరెంటై, బల్బులో వెలుగవుతుంది. కరెంటు తీసుకున్నంత మేరకు యంత్రం ఎదురు నెడుతుంది. ఎదురు నెట్టకుండా కరెంటిచ్చే జనరేటరు ఈ భూమ్మీద లేదు. వృథాని తగ్గించుకోవాలి గానీ, పనినే తీసేస్తే ఇంకేం మిగులుతుంది?"

విశ్వంభరం కలం మూత తీశారు. "అంటే, విద్యుదుత్పత్తి జరిగినంత కాలం నిరోధం ఉంటుందంటారు."

"ఉంటుంది సార్."

"విద్యుదుత్పత్తి జరగకపోతే?"

"ఈ నిరోధం ఉండదు. కానీ..."

"మినిట్స్‌లో రాసుకోండి," అన్నారాయన, ముఖం విప్పారగా. "నిరోధానికి మూలకారణం విద్యుదుత్పత్తేనని సాంకేతిక విభాగం వారే కనిపెట్టారు. వేదవతిగారికి కమిటీ తరఫున అభినందనలు."

అందరూ చప్పట్లు కొట్టారు. వేదవతి తన కుర్చీలో కూలబడింది. ఆ మధ్యాహ్నమంతా చప్పట్ల చప్పుడు ఆమె చెవుల్లోంచి పోలేదు. తన నోటితో తనే చెప్పింది. ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు.

తర్వాతి ఉత్తర్వు మూలకారణం మీద దశలవారీ చర్యకు సంబంధించినది. మొదటి దశలో రాగి తీగ తొలగించి, రూపలావణ్యం చెడకుండా అదే రంగు నైలాను దారం చుట్టాలి. రెండో దశలో అయస్కాంతాలు తీసి, వాటి స్థానంలో అదే కొలతల బలపపు రాయి ముక్కలు అమర్చాలి. వేదవతి ఫైలు మీద ఎర్ర సిరాతో, "ఈ యంత్రం విద్యుత్తు ఇవ్వదు" అని రాసి సంతకం చేసింది. రెండో రోజున జవాబు వచ్చింది: "మూల సర్క్యులర్‌లో విద్యుత్తు ప్రస్తావన లేనందున అభ్యంతరము వర్తించదు."

ఎర్రయ్య నైలాను దారం చుడుతుంటే ఆమె పక్కనే నిలబడింది. అలవాటు కొద్దీ అతను చుట్లు లెక్కపెడుతున్నాడు. నూట నలభై దగ్గర ఆగి ఆమె ముఖంలోకి చూశాడు.

"లెక్క తప్పినా పరవాలేదేటమ్మా ఇప్పుడు?"

 అతను తల వంచి మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు.

తయారైన యంత్రం అద్భుతంగా ఉంది. తలుపు వేస్తే తిరిగేది. ఎవరైనా తుమ్మితే తిరిగేది. వేలు అక్కర్లేకుండా పోయేసరికి శేషగిరికి శాలువా కప్పి వేలికి వీడ్కోలు సభ పెట్టారు. అతను కళ్లు తుడుచుకున్నాడు, ఎడమ చేత్తోనే. "సంపూర్ణ నిరోధ రహిత జనరేటరు" నలభై కొండ ఊళ్లకు మంజూరైంది. జాబితాలో మొదటి పేరు మెట్టగుడ.

ఉపకేంద్రం పక్కన గాలిమర లేచిన రోజు వేదవతి కూడా వెళ్లింది. వెళ్లకుండా ఉండాల్సింది, కానీ బిగింపు పత్రం మీద ఇంజినీరు సంతకం కావాలన్నారు. తెల్లని రెక్కలు మూడు, ఎండలో తళతళా తిరిగిపోతున్నాయి. ఊరివాళ్లు డప్పు వాయించారు. నర్సు కొర్రా లచ్చిమి ఉపకేంద్రం గడపకు పసుపు రాసింది. విశ్వంభరం ప్రసంగించి, కారెక్కి వెళ్లిపోయారు.

లచ్చిమి వేదవతిని లోపలికి పిలిచింది. ఫ్రిజ్ తలుపు తెరిచింది. అందులో చోళ్లు, అంటే రాగులు, పోసిన డబ్బాలు, పిల్లల రిజిస్టర్లు ఉన్నాయి.

"రెండేళ్లై బీరువాలాగ వాడుకుంటన్నాను మేడమ్," అంది నవ్వుతూ. డబ్బాలన్నీ ఒక్కొక్కటీ తీసి, గుడ్డ పెట్టి అరలు తుడిచింది. "వారం వారం కిందికి దిగి ఐసు పెట్టెలో మందులు తెస్తన్నానా, పైకొచ్చీసరికి ఐసంతా నీరైపోతాది. గెడ్డ పొంగితే అది కూడా లేదు. మొన్నటి వానలకి మూడు వారాలు రాలేకపోనాను. కిందిగుడలో ఇద్దరు పిల్లలకి తట్టు లేసింది. ఒకరు బతికినారు." ఆ మాట అంటూ ప్లగ్గు పెట్టి స్విచ్చి వేసింది. చెవి ఆనించి విన్నది. మళ్లీ వేసింది.

బయట రెక్కలు హాయిగా తిరుగుతున్నాయి.

"కొంచెం టయిం పడతాదా మేడమ్?"

"లేదమ్మా," అంది వేదవతి. "రాదు."

లచ్చిమి కిటికీలోంచి గాలిమరను చూసింది. తర్వాత వేదవతిని చూసింది. ఆ చూపులో కోపం లేదు. అర్థం చేసుకోవాలన్న శ్రద్ధ మాత్రమే ఉంది. "తప్పుగా అనుకోకండి మేడమ్. మీరు ఇంజినీరే గదా. కరెంటు రాకపోతే, మరది దేనికి తిరుగుతున్నాది?"

వేదవతి దగ్గర జవాబు ఉంది. సర్క్యులర్ నంబరుతో సహా ఉంది.  లచ్చిమి చోళ్ల డబ్బాలు తిరిగి ఫ్రిజ్‌లో సర్దుతుంటే తనూ ఒక డబ్బా అందించి, కొండ దిగి వచ్చేసింది.

ఆషాఢం గాలులు మొదలైన రెండో బుధవారం లచ్చిమి నుంచి ఫోన్ వచ్చింది. "చక్రం కూత పెడతన్నాది మేడమ్. తల్లులు బెదురుతున్నారు. ఓపాలి సూడరా?" వేదవతి ఎర్రయ్యను వెంటబెట్టుకుని వెళ్లింది. కొండ మలుపులోనే కూత వినిపించింది. రెక్కలు విడివిడిగా కనిపించడం లేదు. తెల్లని పళ్లెంలా ఉంది. స్తంభం వణుకుతోంది. దాని పక్కనే ఉపకేంద్రం రేకుల పందిరి కింద టీకాలకు వచ్చిన తల్లులు కూర్చుని ఉన్నారు.

 గాలి ఎంత తోస్తే అంత తిరగడమే తప్ప, ఆ చక్రాన్ని వెనక్కి లాగేది లోపల ఏమీ లేదు. కరెంటు తీసుకుంటూ ఉంటే ఆ బరువే చక్రానికి కళ్లెమయ్యేది. ఆ కళ్లేన్నే కమిటీ తీసేసింది.

"లచ్చిమీ! పందిరి కింద ఉన్నవాళ్లందర్నీ లోపలికి తోలు!"

తల్లులు పిల్లల్ని చంకనేసుకుని పరుగెత్తారు. ఎర్రయ్య ఒక ముసలమ్మను ఎత్తుకుని గడప దాటించాడు. తర్వాత పట్టుమని పది నిమిషాలు కాలేదు. పిడుగు పడినట్టు చప్పుడైంది. ఒక రెక్క ఊడి, పందిరి రేకును చీల్చుకుని, తల్లులు కూర్చున్న బల్లను రెండుగా విరిచి నేలలో దిగబడింది. దాని చివర ఇంకా సన్నగా ఊగుతోంది.  పిల్లలు కూడా ఏడవలేదు.

ప్రమాద నివేదిక చదివి విశ్వంభరం ఆనందపడ్డారు.

"రెక్క ఊడిపోయేంత వేగమా! నిరోధం ఎంత సమూలంగా పోయిందో చూడండి!"

అయితే జిల్లా అధికారుల దగ్గర్నుంచి ఘాటైన ఉత్తరం ఒకటి వచ్చి ఉంది. మిగతా ముప్పైతొమ్మిది ఊళ్లలో ముప్పైతొమ్మిది చక్రాలు అలాగే కూత పెడుతున్నాయి. వాటిని ఆపకపోతే బాధ్యులెవరో తేల్చవలసి ఉంటుందని ఆ ఉత్తరం. బాధ్యులు అన్న మాట దగ్గర ఆయన ముఖం కొంచెం వాడింది. వేదవతిని పిలిపించారు.

మెట్టగుడ నుంచి వచ్చే దారంతా ఆమె ఆలోచించింది. నిజం చెప్పి ఒకసారి చూసింది. చప్పట్లు కొట్టారు. ఈసారి వాళ్ల భాషలో చెప్పాలనుకుంది.

"చక్రాన్ని పట్టి ఉంచేది ఒకటి కావాలి సార్," అంది.

"నిరోధమా?" ఆయన అదిరిపడ్డారు.

"అబ్బే. వేగ నియంత్రకం."

ఆ మాట ఆయనకు నచ్చింది. ఒకసారి పెదవులతో పలికి చూసుకున్నారు. "దానికి తగినంత పట్టు ఉంటుందని రుజువేమిటి?"

"మన కమిటీయే ఇచ్చిన ధ్రువపత్రం ఉంది సార్. నిరోధ లక్షణం కలదని సంతకాలతో సహా ఉంది. ఆ వస్తువు సామాను గదిలోనే ఉంది. ఇనుము, రాగి, అయస్కాంతాలు, అన్నీ నిషేధిత పదార్థాలే."

"భేష్! అయితే జనరేటరు?"

"జనరేటరు ఎక్కడిదక్కడే ఉంటుంది సార్, చెక్కు చెదరకుండా. నియంత్రకాన్ని దాని వెనక బిగిస్తాం. ఒక్కటే ఇబ్బంది. పట్టి ఉంచేకొద్దీ అది వేడెక్కుతుంది. ఆ వేడిని రెండు తీగలతో బయటికి తీసి, నాలుగు నిల్వ పెట్టెల్లోకి పంపి, అక్కణ్నుంచి ఒక శీతలీకరణ పెట్టెకు కలపాలి. మెట్టగుడలో అలాంటి పెట్టె ఒకటి ఖాళీగా ఉంది."

"వేడికి శీతలీకరణ. సహేతుకంగా ఉంది," అని విశ్వంభరం సంతకం పెట్టారు. వేదవతి ఫైలు తీసుకుని బయటికి వచ్చింది. అబద్ధమాడినందుకు సిగ్గుపడాలా వద్దా అని మెట్లు దిగుతూ ఆలోచించింది. విరిగిన బల్ల కళ్లముందు కనిపించింది. సిగ్గు వేయలేదు.

ఎర్రయ్య తువ్వాలు తీసి దులిపి భుజాన వేసుకున్నాడు. నలుగురు మనుషులు కావిడి కట్టి యంత్రాన్ని కొండెక్కించారు. కొత్త రెక్కలు బిగించాక, గాలి అందుకోగానే చక్రం రెండుమూడు క్షణాలు తటపటాయించి కదిలింది. వేగం అందుకుంది గానీ పరుగు తీయలేదు. భారం లాగే ఎద్దులా నిబ్బరంగా తిరిగింది. కూత లేదు.

లోపల ఫ్రిజ్ ఒకసారి దగ్గినట్టు కదిలి, ఏకధాటిగా గుర్రుమంది. లచ్చిమి చోళ్ల డబ్బాలన్నీ అప్పటికే తీసేసింది. గంటన్నర తర్వాత తలుపు తెరిచి చెయ్యి లోపల పెట్టి, అలాగే ఉంచేసింది.

"ఏటమ్మా, సల్లగున్నాదా?" అన్నాడు ఎర్రయ్య.

ఆమె తల ఊపింది. చేతినే చూస్తూ నిలబడింది. ఆ బుధవారం ఇరవై ఆరుగురు పిల్లలకు సూది పడింది. ఇరవై ఆరుగురూ కొండ దద్దరిల్లేలా ఏడ్చారు. అంత గోల మధ్య వేదవతి హాయిగా కూర్చుని చోడి అంబలి తాగింది.

మిగిలిన ముప్పైతొమ్మిది ఊళ్లకూ వేగ నియంత్రకాలు కావాలని మండలి ఆర్డరు వేసింది. చిటికెన వేలు పరీక్ష జనరేటర్లకే గనక వీటికి వర్తించలేదు. ఎర్రయ్య మరో ఇద్దరు చుట్టేవాళ్లను పెట్టుకున్నాడు. ఆర్నెల్లు అంతా సవ్యంగా నడిచింది.

అప్పుడు విశ్వంభరం స్వయంగా తనిఖీకి మెట్టగుడ వెళ్లారు. ఫ్రిజ్ చూశారు, సంతోషించారు. గోడ మీద బల్బు వెలుగుతోంది. దాన్ని చూసి ఆగిపోయారు.

"ఈ వెలుగు ఎక్కడిది?"

"బ్రేకులోంచి వస్తన్నాది బాబూ," అంది లచ్చిమి వినయంగా.

ఆయన వెంటనే కారెక్కారు. నాలుగో రోజున వేదవతికి మెమో వచ్చింది. "తమరు రూపొందించిన వేగ నియంత్రకముల నుండి విద్యుత్తు లీకగుచున్నట్లు తనిఖీలో వెల్లడైనది. నలభై గ్రామములలోను ఇదే పరిస్థితి గలదు. సదరు లీకును తక్షణమే ఎట్లు అరికట్టెదరో పదిహేను రోజులలోగా తెలుపవలెను."

ఎర్రయ్య ఆ కాగితం రెండుసార్లు చదివించుకున్నాడు. "ఇప్పుడేటమ్మా సేస్తాం? ఊడబీకీమంటారా?"

"విషయం తీవ్రమైనది ఎర్రయ్యగారూ," అంది వేదవతి. కొత్త కాగితం తీసి జవాబు రాసింది. లీకు నలభై గ్రామాలకు సంబంధించినది, బహు శాఖలతో ముడిపడినది అయినందున, తొందరపాటు చర్య తీసుకోకుండా ఉన్నతస్థాయి కమిటీ వేయవలసిందిగా ప్రార్థించింది.

ఇలాంటి ప్రార్థనను మండలి చరిత్రలో ఎవరూ కాదనలేదు. పదకొండు మందితో లీకు నివారణ కమిటీ ఏర్పడింది. కమిటీ నిర్ణయం వెలువడే వరకు నియంత్రకాలను ఎవరూ తాకరాదని, యథాతథ స్థితి కొనసాగాలని ఉత్తర్వులిచ్చారు. అందరికీ వీలైన రోజు చూసి మొదటి సమావేశం ఏర్పాటు చేసే బాధ్యత కన్వీనరైన వేదవతిది.

మూడేళ్లయింది. ఆమె ఇంకా రోజు చూస్తోంది.